13 జట్లు మారిన పిచర్ గురించి మా అబ్బాయి రాస్తున్నాడు, నేనేం చెప్పాలి?

కాటీ_నాన్న అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. 12 ఏళ్ళుగా హ్యూస్టన్ పక్కన కాటీలో ఉంటున్నాం. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. మా అబ్బాయికి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి బేస్‌బాల్ పిచ్చి, పిచర్‌గా, అంటే మన బౌలర్‌లా బంతి వేసేవాడిగా, ఆడతాడు. ఇన్నాళ్ళూ మ్యాచ్ మొదలుపెట్టేది వాడే. ఈ ఏడాది స్కూల్ జట్టులో కోచ్ వాణ్ణి రిలీవర్‌ని చేశాడు. అంటే మొదట వచ్చినవాడు అలిసిపోయాకో, దెబ్బ తిన్నాకో వచ్చి బంతి వేయడం. మూడు మ్యాచ్‌లకు వెళ్ళి కూర్చున్నాను. ఒకదాంట్లో వాడు అసలు మైదానంలోకే రాలేదు.

వాడికి దిగులుగా ఉన్నట్టు లేదు. నాకే ఉంది.

ఇప్పుడు ఇంగ్లీష్ క్లాసులో నచ్చిన క్రీడాకారుడి మీద వ్యాసం రాయాలట. ఎవరిని రాస్తున్నావురా అంటే ఒక్తావియో డొటెల్ అన్నాడు. 2025 ఏప్రిల్‌లో డొమినికన్ రిపబ్లిక్‌లో నైట్‌క్లబ్ పైకప్పు కూలి 230 మందికి పైగా చనిపోయారు కదా, అందులో ఈయనా ఉన్నారు. ఆ వార్త వచ్చినప్పుడే మావాడు ఆయన పాత వీడియోలు చూడటం మొదలుపెట్టాడు.

చదివితే ఈయన 15 సీజన్లలో 13 జట్లకు ఆడాడు. మా ఇంటావిడ వెంటనే, "కాలికి బలపం కట్టుకుని తిరిగాడా ఏంటి, ఎక్కడా కుదరలేదా?" అంది. నాకూ అదే అనిపించింది. ఒక చోట నిలబడనివాడు అంటే మన ఇళ్ళల్లో మంచి మాట కాదు కదండీ. ఇంతమంది గొప్పవాళ్ళు ఉండగా వీడు ఈయన్నే ఎందుకు పట్టుకున్నాడు? కోచ్ పక్కన పెట్టినందుకు మనసుకి సర్దిచెప్పుకుంటున్నాడా? ఈ ఆట తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. వాడితో మాట్లాడేటప్పుడు తెలియక నోరు జారకూడదని అడుగుతున్నాను.

ఆఫ్‌స్పిన్_విజయవాడ

బేస్‌బాల్ నాకు కొంచెమే తెలుసు గానీ, క్రికెట్ లెక్కలో చెప్తాను. ఉనద్కట్ 2024లో మన సన్‌రైజర్స్‌కి వచ్చేసరికి అది అతనికి ఎనిమిదో ఐపీఎల్ జట్టు. ఆరన్ ఫించ్ 9 జట్లకు ఆడాడు, అందులోనూ సన్‌రైజర్స్ ఉంది. ఫించ్ ఆస్ట్రేలియాకి 2021లో టీ20 ప్రపంచకప్ గెలిపించిన కెప్టెన్. ఆయన్ని ఎవరైనా ఎక్కడా కుదరనివాడు అంటారా? జట్టుకి ఆ ఏడాది ఏం తక్కువైందో అది కొనుక్కుంటుంది, అంతే. మిగతాది తెలిసినవాళ్ళు చెప్తారు.

వరంగల్_టు_సెయింట్‌లూయిస్

కాటీ నాన్నగారూ, మీ ప్రశ్న చూసి రాత్రి పదకొండింటికి మళ్ళీ లాప్‌టాప్ తెరిచాను. డొటెల్ నాకు బాగా దగ్గరివాడు. ఆయనతో పరిచయం ఏమీ లేదు, చూస్తూ వచ్చానంతే. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఇంట్లో ఆవిడ అడిగినదానికి. నేను ఒకసారి కాగితం మీద రాసి చూశాను. 13 జట్లలో మొదటిది న్యూయార్క్ మెట్స్, కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ళే తీసుకున్నారు. మిగతా పన్నెండింటిలో ఆరు చోట్లకి ట్రేడ్‌లో, అంటే జట్లు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకుంటే, వెళ్ళాడు: హ్యూస్టన్ ఆస్ట్రోస్, ఓక్లాండ్, అట్లాంటా, డాడ్జర్స్, కొలరాడో, సెయింట్ లూయిస్. ఇంకో ఆరు చోట్లకి ఒప్పందం అయిపోయాక తనే సంతకం పెట్టి వెళ్ళాడు: యాంకీస్, కాన్సాస్ సిటీ, వైట్ సాక్స్, పిట్స్‌బర్గ్, టొరంటో, డెట్రాయిట్. అంటే ప్రతిసారీ అవతల ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇచ్చి తెచ్చుకున్నారు. అలా ఇచ్చినవాళ్ళు చిన్నవాళ్ళు కాదు. 1999 డిసెంబర్‌లో మెట్స్ ఈయన్ని హ్యూస్టన్‌కి పంపి తెచ్చుకున్నవాళ్ళలో మైక్ హాంప్టన్ ఉన్నాడు, ఆ ఏడాదే 22 మ్యాచ్‌లు గెలిచిన పిచర్. 2004లో ఆస్ట్రోస్ మూడు జట్ల మధ్య బేరంలో ఈయన్ని ఓక్లాండ్‌కి వదులుకుంటే, వాళ్ళ చేతికి వచ్చింది కార్లోస్ బెల్ట్రాన్. ఆ అక్టోబర్‌లో బెల్ట్రాన్ 8 హోమ్ రన్‌లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. ఎక్కడా కుదరనివాడికి బదులుగా అలాంటివాణ్ణి ఎవరూ ఇవ్వరండి.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. నేను 1999లో వైటూకే పని మీద హ్యూస్టన్ వచ్చాను. మరుసటి ఏడాది ఊరి మధ్యలో కొత్త స్టేడియం తెరిచారు. అప్పుడు ఎన్‌రాన్ ఫీల్డ్ అనేవారు, తర్వాత మినిట్ మెయిడ్ పార్క్ అయింది, ఇప్పుడు డైకిన్ పార్క్. ఆ సీజన్‌లో డొటెల్ స్టార్టర్‌గానే, అంటే మ్యాచ్ ఆరంభించే పిచర్‌గానే, మొదలుపెట్టాడు, సరిగ్గా మీవాడిలా. సరిగా సాగలేదు. మధ్యలో వాళ్ళ క్లోజర్, అంటే చివర్లో వచ్చి మ్యాచ్ ముగించే పిచర్, బిల్లీ వాగ్నర్ చేతికి దెబ్బ తగిలింది, ఆ పనికి డొటెల్‌ని మార్చారు. సీజన్ అయ్యేసరికి ఆయన పేరున 16 మ్యాచ్‌ల ఆరంభాలు, 16 సేవ్‌లు ఉన్నాయి. ఒకే ఏడాదిలో ఆ రెండూ ఒకే మనిషి చేయడం చాలా అరుదు. ఆ తర్వాత ఆయన వెనక్కి చూడలేదు. 2002లో 83 మ్యాచ్‌ల్లో దిగాడు, తొమ్మిది ఇన్నింగ్సులకి, అంటే ఒక పూర్తి మ్యాచ్‌కి, సగటున 1.85 పరుగులే ఇచ్చాడు. కోచ్ స్థానం మార్చినందువల్లే ఆ మనిషికి తన పని దొరికింది. మీవాడు ఈ ఒక్క సంగతి చదివి ఉంటే చాలు, ఆయన్ని ఎందుకు ఎంచుకున్నాడో నాకర్థమైంది.

సేవ్ అంటే ఏంటో కూడా చెప్తాను, మ్యాచ్ చూసేటప్పుడు పనికొస్తుంది. మామూలుగా, జట్టు మూడు పరుగులో అంతకన్నా తక్కువో ముందు ఉన్నప్పుడు వచ్చి, చివరి ఇన్నింగ్స్ మొత్తం వేసి, ఆ ఆధిక్యం పోకుండా ముగిస్తే సేవ్. మన డెత్ ఓవర్లు అనుకోండి. ఒక తేడా ఉంది. క్రికెట్‌లో బౌలర్ ఓవర్ అయ్యాక ఫీల్డింగ్ చేస్తాడు, మళ్ళీ వస్తాడు. ఇక్కడ ఒకసారి బయటికి పోతే ఆ రోజుకి అంతే.

రిలీవర్ పనిలో జనానికి కనపడని భాగం ఒకటుంది. రిలీవర్లు కూర్చునే బుల్‌పెన్‌లో ఫోన్ మోగుతుంది, లేచి చెయ్యి వేడెక్కించుకోమంటారు. ఇరవై, పాతిక బంతులు గట్టిగా విసురుతాడు. ఈలోపు మైదానంలో పిచర్ ఎలాగో గట్టెక్కుతాడు. కూర్చో అంటారు. రెండు ఇన్నింగ్సుల తర్వాత మళ్ళీ లెమ్మంటారు. ఆ విసుర్లు ఏ లెక్కలోకీ ఎక్కవు, భుజానికి మాత్రం తెలుస్తాయి. మీవాడు ఆడలేదని మీరనుకున్న ఆ రోజు బహుశా రెండుసార్లు లేచి ఉంటాడు. ఒకసారి అడిగి చూడండి.

ఆ రోజుల్లో మేమూ అలాగే ఉన్నాం. నన్ను తెచ్చిన కన్సల్టెన్సీ వాళ్ళు ప్రాజెక్ట్ అయిపోగానే బెంచ్ మీద పెట్టి, గెస్ట్‌హౌస్‌లో ఆరుగురితో పడుకోబెట్టి, ఇవాళ ఇంటర్వ్యూ రేపు ఇంటర్వ్యూ అంటూ నాలుగు నెలలు జీతం ఎగ్గొట్టారు. ఎక్కడికంటే అక్కడికి తట్టాబుట్టా సర్దుకుని పోవడానికి ఒక సూట్‌కేస్ ఎప్పుడూ తలుపు పక్కనే ఉండేది. అందరం బెంచ్ మీదే ఉన్నాం కాబట్టి రోజూ రాత్రి మ్యాచ్ చూసేవాళ్ళం. పప్పుచారు, గుడ్డు పొరటు, ఆస్ట్రోస్. ఎనిమిదో ఇన్నింగ్స్ అంటే డొటెల్, తొమ్మిదో ఇన్నింగ్స్ అంటే వాగ్నర్. ఏడో ఇన్నింగ్స్‌కి ముందు ఉంటే ఇక గెలిచేశాం అని గిన్నెలు కడగడానికి లేచేవాళ్ళం.

2003 జూన్ 11 మాత్రం ఎవరూ లేవలేదు. న్యూయార్క్‌లో యాంకీస్ మీద మ్యాచ్. స్టార్టర్ రాయ్ ఓస్వాల్ట్ రెండో ఇన్నింగ్స్‌లోనే గజ్జల్లో కండరం పట్టేసి వెళ్ళిపోయాడు. మన్రో వచ్చాడు, తర్వాత సార్లూస్, తర్వాత లిడ్జ్. చూస్తే యాంకీస్‌కి ఒక్క హిట్ లేదు, అంటే సొంత దెబ్బతో మొదటి మజిలీకైనా (బేస్) చేరినవాడు లేడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌కి డొటెల్ దిగాడు. మంచి బంతిని బ్యాటర్ కొట్టలేకపోతే స్ట్రైక్, మూడు స్ట్రైకులైతే స్ట్రైకౌట్. ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లే కదా, ఆయన నలుగురిని స్ట్రైకౌట్ చేశాడు. అదెలా అంటే, మూడో స్ట్రైక్ పడ్డ బంతిని క్యాచర్ (మన కీపర్ లాంటివాడు) పట్టుకోలేకపోతే, మొదటి బేస్ ఖాళీగా ఉంటే, బ్యాటర్ అటు పరిగెత్తొచ్చు. ఒకడు అలా బతికిపోయాడు. లెక్కలో స్ట్రైకౌటే, ఔట్ మాత్రం కాదు. దాంతో ఇంకొకణ్ణి తీయాల్సి వచ్చింది, తీశాడు. వాగ్నర్ వచ్చి ముగించాడు. ఆరుగురు పిచర్లు కలిసి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు, 8-0. యాంకీస్‌కి అలా జరగడం 1958 తర్వాత అదే మొదలు. మా గెస్ట్‌హౌస్‌లో ఆ నాలుగో స్ట్రైకౌట్ మీద అర్ధరాత్రి దాకా వాదన. నాకు ఆ నిబంధన వంటబట్టింది ఆ రాత్రే.

2004లో ఓక్లాండ్ వెళ్ళాక కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. ఆ ఏడాది రెండు జట్లకీ కలిపి 36 సేవ్‌లు. 2005లో మోచేతి లిగమెంట్ తెగింది, టామీ జాన్ ఆపరేషన్ చేశారు. వేరే చోటి నుంచి స్నాయువు (టెండన్) తీసి మోచేతిలో అల్లుతారు. ఏడాదికి పైగా పడుతుంది కోలుకోవడానికి. 2006లో యాంకీస్‌కి వచ్చినప్పుడు బంతి ఆయన మాట వినలేదు, 10 ఇన్నింగ్సుల్లో 12 పరుగులు ఇచ్చాడు. అక్కడితో ఆగిపోయినవాళ్ళు లెక్కలేనంత మంది. ఈయన ఆ తర్వాత ఇంకో తొమ్మిది జట్లకు ఆడాడు. ఆ తొమ్మిదీ చేయి అతికించుకున్నాక వచ్చినవే. వ్యాసంలో మీవాడు ఈ ముక్క తప్పకుండా రాయాలి.

లెక్కల_మాష్టారు_డాలస్

పై మిత్రుడి ప్రేమ అర్థమైంది గానీ, పిల్లవాడి వ్యాసం కాబట్టి ఉన్నదున్నట్టు ఉండాలి. డొటెల్ మహామహుడు కాదు. మొత్తం మీద 59 గెలుపులు, 50 ఓటములు, 109 సేవ్‌లు, ఇచ్చిన పరుగుల సగటు 3.78. వాగ్నర్ 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో (ఈ ఆట దిగ్గజాల జాబితాలో) చేరాడు, డొటెల్‌కి ఆ ప్రసక్తే రాలేదు. ఒక్క చోట మాత్రం అంకె గట్టిది: 951 ఇన్నింగ్సుల్లో 1,143 స్ట్రైకౌట్లు. ఇన్నింగ్స్‌కి ఒకటి దాటింది. జట్లు ఆయన కోసం ఎందుకు ఎగబడ్డాయో ఆ ఒక్క అంకె చెబుతుంది. బ్యాట్‌కి బంతి తగలకుండా ఔట్ చేయగలవాడు ఏ మైదానంలోనైనా, ఎలాంటి ఫీల్డర్లు వెనక ఉన్నా పనికొస్తాడు.

ఇంకొకటి. 13 జట్ల రికార్డు ఇప్పుడు ఆయనది కాదు. 2019లో ఎడ్విన్ జాక్సన్ 14వ జట్టుకి ఆడి దాటేశాడు. విచిత్రం ఏంటంటే 2011 జూలైలో టొరంటో నుంచి సెయింట్ లూయిస్‌కి ఈ ఇద్దరూ ఒకే ట్రేడ్‌లో వెళ్ళారు.

పిట్స్‌బర్గ్_అక్క

2010లో డొటెల్ మా పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కి ఆడాడు. ఆ ఏడు మా జట్టు 105 మ్యాచ్‌లు ఓడిపోయింది. అలాంటి జట్టుకి క్లోజర్ ఉండి ఏం లాభం అని మావారు అనేవారు. అయినా గెలిచే ఆ కాసిన్ని మ్యాచ్‌లు చేజారకుండా ముగించేది ఆయనే. మన ఇండియా కుర్రాళ్ళు రింకు సింగ్ (క్రికెటర్ రింకు కాదు), దినేష్ పటేల్ కూడా అప్పుడు పైరేట్స్ కింది స్థాయి జట్లలో ఉన్నారు. అందుకే మా గుడి దగ్గర, పెన్ హిల్స్ వేంకటేశ్వర స్వామి కోవెల్లో, ఆ ఏడాది బేస్‌బాల్ మాటలు ఎక్కువగా వినపడేవి. అంతకుముందు ఎవరికీ పట్టేది కాదు.

జూలై 31న వార్తల్లో చూస్తే డొటెల్ డాడ్జర్స్‌కి వెళ్ళిపోయాడు. అప్పట్లో మామూలు ట్రేడ్‌లకి అదే గడువు. సెప్టెంబర్‌లో చూస్తే కొలరాడోలో ఉన్నాడు. ఒక్క సీజన్‌లో మూడు ఊళ్ళు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఒకటుంది. మీరంతా జట్ల గురించి మాట్లాడుతున్నారు, పెళ్ళాం పిల్లలు? స్కూలు ఏ ఊళ్ళో? ఇల్లు అద్దెకి ఎన్ని నెలలకి రాయాలి? ఐపీఎల్ వేలంలో అయితే ఆటగాడు తన పేరు తనే ఇస్తాడు. ఇక్కడ మనిషిని కనీసం అడగరా?

వరంగల్_టు_సెయింట్‌లూయిస్

అక్కా, మామూలుగా అడగరు. పెద్ద లీగులో పదేళ్ళు నిండి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే జట్టులో ఉంటే, నేను వెళ్ళను అని చెప్పే హక్కు వస్తుంది. లేదా ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. డొటెల్ అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉన్నది హ్యూస్టన్‌లో, అదీ నాలుగున్నర సీజన్లు. ఎక్కువ తిరిగేవాడికి ఆ హక్కు ఎప్పటికీ చేతికి అందదు, మళ్ళీ మళ్ళీ తిప్పేదీ వాళ్ళనే. ఇది నాకు ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు. మా వీసా రోజుల్లో కూడా గ్రీన్‌కార్డ్ వరసలో ఒకే కంపెనీలో కుదురుగా ఉన్నవాడి పని ముందు అయ్యేది. కాంట్రాక్టులు మారేవాడు మళ్ళీ మొదటి కాగితం దగ్గర నుంచి కట్ట కట్టుకోవాల్సి వచ్చేది.

మాష్టారూ, మహామహుడని నేనూ అనలేదు. ఒక్క రాత్రి గురించి మాత్రం చెప్పనివ్వండి.

2011 అక్టోబర్ 14, బుష్ స్టేడియం. అప్పటికి నేను సెయింట్ లూయిస్‌లో స్థిరపడి ఏడాదిన్నర. ఆఫీసులో ఒకాయన రాలేనంటే టికెట్ నాకు దొరికింది, పైన ఎక్కడో చిట్టచివరి వరస, చలి. మిల్వాకీతో సిరీస్ చెరి రెండు. ఐదో ఇన్నింగ్స్, మనవాళ్ళు, కార్డినల్స్, 4-1తో ముందు. స్టార్టర్ గార్సియా ఇంకొక్క ఔట్ తీస్తే గెలుపు తన ఖాతాలో పడుతుంది. బేసుల మీద మనుషులున్నారు, బ్యాటింగ్‌కి రయాన్ బ్రాన్ వస్తున్నాడు. ఆ ఏడాది నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అవార్డు తర్వాత అతనికే ఇచ్చారు. మేనేజర్ టోనీ లా రుస్సా నడుచుకుంటూ వచ్చి గార్సియా చేతిలోంచి బంతి తీసేసుకున్నాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. బుల్‌పెన్ తలుపు తెరుచుకుంటే వస్తున్నది డొటెల్.

నేను లేచి నిలబడ్డాను. ఎనిమిదేళ్ళ కింద గెస్ట్‌హౌస్ టీవీలో చూసిన మనిషి. వయసు దగ్గర దగ్గర 38. మౌండ్, అంటే పిచర్ నిలబడే దిబ్బ, ఎక్కి కాలితో మట్టి సర్దుకున్నాడు. ఆ ఒక్క బ్యాటర్ కోసమే పిలిచారని అందరికీ తెలుసు, బ్రాన్ మీద ఆయనకి అంతకుముందు నుంచే పట్టు ఉంది. స్ట్రైకౌట్. బ్రాన్ వెనక్కి తిరిగి నడుస్తుంటే స్టేడియం అంతా లేచింది. అప్పటికే నా గొంతు పోయింది. మ్యాచ్ 7-1తో గెలిచారు, గెలుపు డొటెల్ పేరున రాశారు. ఆ నెలాఖరుకి కార్డినల్స్ రేంజర్స్ మీద ఏడు మ్యాచ్‌ల్లో వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, గెలిచారు. 15 సీజన్లలో ఆయనకి దక్కిన ఒకే ఒక్క ఛాంపియన్ ఉంగరం అది, పన్నెండో జట్టులో. తర్వాత 2013లో సొంత దేశం చొక్కా వేసుకుని వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ కూడా గెలిచాడు. డొమినికన్ జట్టు ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

2025 ఏప్రిల్ 8న సాంతో డొమింగోలో శిథిలాల్లోంచి ఆయన్ని ప్రాణంతోనే తీశారని ఉదయం వార్త వచ్చింది. ఆఫీసులో ఎవరికీ ఆయన పేరు తెలియదు. పార్కింగ్‌లో కారులో కూర్చుని ఫోన్ చూస్తూ ఉన్నాను. ఆస్పత్రికి తీసుకెళ్తుండగా పోయారని కాసేపటికి వచ్చింది. 51 ఏళ్ళు. పాత గెస్ట్‌హౌస్ మిత్రులు నలుగురు వేరు వేరు ఊళ్ళ నుంచి ఆ రోజు ఫోన్ చేశారు. ఒకడు హలో కూడా అనకుండా, "ఆ నాలుగో స్ట్రైకౌట్ గుర్తుందారా?" అన్నాడు.

కాటీ_నాన్న

అందరికీ పేరు పేరునా ధన్యవాదాలు. మీ జవాబులు నిన్న రాత్రి మావాడిని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాను. వాడికి తెలుగు చదవడం రాదు, వింటాడు.

వరంగల్ అన్నగారూ, మీరు చెప్పినట్టే అడిగాను. ఆడని రోజు ఎన్నిసార్లు లేచావు అని. మూడుసార్లట. ఆ సంగతి నాకు తెలుసని వాడు అనుకున్నాడట. నేను ఆ మూడుసార్లూ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఆరు ట్రేడ్‌లు, ఆరు సంతకాలు అన్న లెక్క వాడికీ కొత్తే, వెంటనే నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నాలుగో స్ట్రైకౌట్ సంగతి మాత్రం వాడికి ముందే తెలుసు. ఆ నిబంధన నాకు అర్థమయ్యేవరకు ఉప్పు డబ్బా, కారం డబ్బా బేసుల్లా పెట్టి చూపించాడు. మా ఆవిడ, "అయితే తొమ్మిది జట్లు ఆపరేషన్ తర్వాతేనా?" అని రెండుసార్లు అడిగింది.

వాడి చెయ్యి గురించి ఇప్పుడు నాకు భయం పట్టుకుంది, అది వేరే సంగతి. దాని మీద ఇంకో ప్రశ్న పెడతాను. వారానికి ఎన్ని బంతులు దాటకూడదో తెలిసినవాళ్ళు అక్కడ చెప్పండి.

శనివారం నాలుగింటికి మ్యాచ్ ఉంది. ఈ స్కూల్ మ్యాచ్‌లు ఏడు ఇన్నింగ్సులే. ఈసారి బ్యాటింగ్ వైపు కాకుండా, మైదానం ఆ చివర వీళ్ళు చెయ్యి వేడెక్కించుకునే కంచె దగ్గర కుర్చీ వేసుకుంటున్నాను.